ఈఎస్ఆర్ పడిపోయిందని సంతోషించవచ్చా? సిస్టమిక్ ఆర్థరైటిస్ ఉన్న పాపకు ఆరు రోజుల జ్వరం

ముందు ఒక మాట. మీరు రాసిన అంకెలు సరైనవే అయితే ఈ జవాబు పూర్తయ్యే దాకా ఆగవద్దు. పాపకు వైద్యం చేస్తున్న పిల్లల రుమటాలజీ (కీళ్లవాత జబ్బుల) డాక్టరుకు ఇప్పుడే ఫోన్ చేయండి. ఆయన దొరకకపోతే పిల్లల ఐసీయూ ఉన్న ఆసుపత్రికి ఈ రోజే తీసుకువెళ్లండి. మిగతాది దారిలో చదువుకోవచ్చు.

మీరు రాసిన దానిలో నాకు అర్థమైనది ఇది. పాపకు ఏడేళ్లు. రెండేళ్లుగా సిస్టమిక్ జువెనైల్ ఇడియోపతిక్ ఆర్థరైటిస్, అంటే కీళ్లతో పాటు ఒళ్లంతటినీ పట్టే పిల్లల కీళ్లవాతం ఉంది. రెండు వారాలకోసారి టోసిలిజుమాబ్ ఎక్కిస్తున్నారు, రోజూ 5 మిల్లీగ్రాముల ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ ఇస్తున్నారు. తమ్ముడి నుంచి జలుబు అంటుకుంది. జలుబు తగ్గింది గానీ జ్వరం ఆరు రోజులుగా వదలడం లేదు. ఒంట్లో వాపును (ఇన్‌ఫ్లమేషన్‌ను) చూపే సీఆర్‌పీ మామూలుగానే ఉంది, అదే పని చేసే ఈఎస్ఆర్ 8, ప్లేట్‌లెట్లు 1.9 లక్షలు, కాలేయం దెబ్బతింటే పెరిగే ఏఎస్‌టీ 74, వాపుతో పెరిగే ఫెరిటిన్ అనే ప్రొటీన్ 1,850. ఒక డాక్టరు వైరల్ జ్వరమేనని, కంగారు పడవద్దని అన్నారు. మరొకరు జబ్బు తిరగబెట్టింది, స్టెరాయిడ్ పెంచాలన్నారు. ఎవరి మాట వినాలి, ఎల్లుండి ఎక్కించాల్సిన మందు ఎక్కించాలా, తమ్ముడిని కొన్నాళ్లు వేరే ఇంట్లో ఉంచాలా అని అడిగారు.

ఇద్దరు డాక్టర్లూ చెరో సగం చెప్పారు. జ్వరం వైరస్‌తోనే మొదలై ఉండవచ్చు. కానీ ఈ జబ్బు ఉన్న పిల్లల్లో మామూలు వైరస్ కూడా రోగనిరోధక వ్యవస్థను అదుపు తప్పించగలదు. అలా తప్పిన స్థితికి మాక్రోఫేజ్ యాక్టివేషన్ సిండ్రోమ్ అని పేరు. వైద్యులు ఎంఏఎస్ అంటారు. మీ పాపకు అదే వచ్చిందని నేను ఇక్కడ కూర్చుని తేల్చలేను. రాలేదని తేలేవరకు మాత్రం వచ్చినట్టే భావించి నడుచుకోవాలి.

ఈఎస్ఆర్ 8 అని రాసి పక్కనే "ఇది మంచిదే కదా" అన్నారు. నాకు భయం వేసింది ఆ మాటకే. కారణం చెప్పాలంటే నేను చేసిన ఒక తప్పు చెప్పాలి.

చాలా ఏళ్ల కిందట ఇదే జబ్బుతో ఒక బాబును వార్డులో చేర్చుకున్నాం. వాళ్ల నాన్న ప్రతి పరీక్ష ఫలితాన్నీ గళ్ల నోటుపుస్తకంలో తేదీలవారీగా రాసుకునేవాడు. గొంతు నొప్పితో మొదలైన జ్వరం అది. మొదటి రోజు ఈఎస్ఆర్ 96, ప్లేట్‌లెట్లు 6.2 లక్షలు. మూడో రోజు ఈఎస్ఆర్ 54, ప్లేట్‌లెట్లు 3.4 లక్షలు. అయిదో రోజు ఉదయం ఈఎస్ఆర్ 22, ప్లేట్‌లెట్లు 2 లక్షలు. మోకాళ్ల వాపు కూడా తగ్గింది. ఆ తండ్రి పుస్తకం నా ముందు పెట్టి, "అన్నీ నార్మల్‌కు వస్తున్నాయి కదా డాక్టరుగారూ" అన్నాడు. నేనూ నవ్వి తల ఊపాను. బాబు మాత్రం మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని, పిలిస్తే పలకడం లేదు. ఆ సాయంత్రం చిగుళ్ల నుంచి రక్తం వచ్చింది. రాత్రి చేసిన పరీక్షలో ఫెరిటిన్ పది వేలు దాటింది. బాబు బతికాడు, కానీ పదకొండు రోజులు ఐసీయూలో ఉన్నాడు. ఆ పుస్తకంలో కిందికి దిగుతున్న ప్రతి అంకె మమ్మల్ని హెచ్చరిస్తూనే ఉంది. మేం దాన్ని శుభవార్తగా చదువుకున్నాం.

ఈఎస్ఆర్ ఎందుకు పడిపోతుందో తెలిస్తే ఈ తప్పు మళ్లీ జరగదు. ఈఎస్ఆర్ అంటే గొట్టంలో నిలబెట్టిన రక్తంలో ఎర్రకణాలు గంటలో ఎంత దూరం కిందికి దిగాయన్న కొలత. రక్తంలో ఫైబ్రినోజెన్ అనే ప్రొటీన్ ఎక్కువగా ఉంటే ఎర్రకణాలు నాణేల దొంతరల్లా ఒకదానికొకటి అంటుకుని బరువెక్కి త్వరగా దిగుతాయి. ఒంట్లో వాపు ఉన్నప్పుడు కాలేయం ఫైబ్రినోజెన్‌ను ఎక్కువగా తయారు చేస్తుంది కాబట్టి ఈఎస్ఆర్ పెరుగుతుంది. ఎంఏఎస్‌లో ఆ ఫైబ్రినోజెన్ ఖర్చైపోతుంది, కాలేయమూ దెబ్బతింటుంది. దొంతరలు కట్టడానికి సరుకే ఉండదు. లోపల మంట ఆరకుండానే ఈఎస్ఆర్ మామూలు అంకెకు దిగుతుంది.

ప్లేట్‌లెట్ల సంగతీ అంతే. సిస్టమిక్ ఆర్థరైటిస్ చురుగ్గా ఉన్న పిల్లల్లో ప్లేట్‌లెట్లు నాలుగున్నర లక్షలు దాటి ఉండటం మామూలే. అలాంటి పాపకు 1.9 లక్షలు వస్తే ల్యాబు కాగితం మీద ఎర్రగీత పడదు, ఎందుకంటే ల్యాబు పోల్చేది ఆరోగ్యంగా ఉన్న పిల్లలతో. మీరు పోల్చాల్సింది ఇదే పాప మూడు నెలల కిందటి అంకెతో. ఆ పాత కాగితాలు ఉంటే ఫోన్‌లో ఫొటోలు తీసి వెంట తీసుకువెళ్లండి. పాపను మొదటిసారి చూసే డాక్టరుకు మీరు చేయగల సాయాల్లో ఇంతకు మించినది లేదు.

2016లో ఐరోపా, అమెరికా రుమటాలజీ సంఘాలు కలిసి ఎంఏఎస్ గుర్తింపుకు ప్రమాణాలు ప్రకటించాయి. సిస్టమిక్ ఆర్థరైటిస్ ఉన్న లేదా ఉందని అనుమానిస్తున్న బిడ్డకు జ్వరం ఉండి, ఫెరిటిన్ 684 దాటి, దానికి తోడు నాలుగింటిలో ఏవైనా రెండు ఉండాలి. ప్లేట్‌లెట్లు 1.81 లక్షలు లేదా అంతకంటే తక్కువ, ఏఎస్‌టీ 48 పైన, ట్రైగ్లిజరైడ్లు 156 పైన, ఫైబ్రినోజెన్ 360 లేదా అంతకంటే తక్కువ. ఒక విచిత్రం గమనించండి. 1.81 లక్షల ప్లేట్‌లెట్లు, 360 ఫైబ్రినోజెన్ రెండూ ఆరోగ్యవంతుల్లో మామూలు అంకెలే. వాపుతో ఉడికిపోతున్న ఒంట్లో మామూలు అంకె కనిపించడమే తేడా.

ఈ తక్కెడలో మీ పాపను పెట్టి చూడండి. జ్వరం ఉంది. ఫెరిటిన్ దాటింది. ఏఎస్‌టీ దాటింది. ప్లేట్‌లెట్లు గీత దగ్గర నిలబడి ఉన్నాయి. ట్రైగ్లిజరైడ్లు, ఫైబ్రినోజెన్ అసలు ఎవరూ చూడలేదు. ఆ రెండు పరీక్షలూ ఈ రోజే జరగాలి. పైగా ఇవి పరిశోధనల్లో రోగులను ఒకే తీరుగా వర్గీకరించడానికి పెట్టిన గీతలు. ప్లేట్‌లెట్లు 1.82 లక్షలు ఉన్నంత మాత్రాన బిడ్డ క్షేమంగా ఉన్నట్టు కాదు. నేను ఒక్కరోజు అంకెను నమ్మను. పన్నెండు గంటల తర్వాత మళ్లీ తీయించి, రెండూ పక్కపక్కన పెట్టి చూస్తాను.

ఇక టోసిలిజుమాబ్. ఈ మందు వాడుతున్న పాపకు సీఆర్‌పీ మామూలుగా ఉందంటే దానికి దాదాపు అర్థమే లేదు. సీఆర్‌పీని కాలేయం తయారు చేసేది ఇంటర్‌ల్యూకిన్-6 అనే సంకేతం అందినప్పుడు. టోసిలిజుమాబ్ ఆ సంకేతాన్నే అడ్డుకుంటుంది. లోపల న్యుమోనియా ఉన్నా సీఆర్‌పీ పెరగకపోవచ్చు. జ్వరం కూడా ఉండాల్సినంత ఉండకపోవచ్చు. ఈఎస్ఆర్, ఫైబ్రినోజెన్, ప్లేట్‌లెట్లు మందు వల్లనే కొంత తగ్గుతాయి, కాలేయ ఎంజైములు కొంత పెరుగుతాయి. ఎంఏఎస్ వచ్చినా ఫెరిటిన్ మిగతా పిల్లల్లో పెరిగినంతగా పెరగకపోవచ్చు. అంటే ఈ మందు మీద ఉన్న బిడ్డలో సాక్షుల్లో సగం మంది నోరు మెదపరు. సీఆర్‌పీ చూసి ధైర్యం చెప్పిన డాక్టరును నేను తప్పుపట్టను. పిల్లల జ్వరాలు రోజూ చూసేవారికి ఈ మందు ఏడాదికి ఒక్కసారి కూడా తారసపడకపోవచ్చు. అందుకే ఏ ఆసుపత్రికి వెళ్లినా నోరు తెరవగానే చెప్పాల్సిన మాట "పాప టోసిలిజుమాబ్ మీద ఉంది, సీఆర్‌పీ నమ్మడానికి లేదు" అనేదే.

ఒక జలుబు ఇంత పని ఎలా చేస్తుందని మీకు అనిపించవచ్చు. వైరస్ సోకిన కణాన్ని చంపడానికి ఒంట్లో ప్రత్యేకమైన కణాలు ఉంటాయి. కొన్ని టి కణాలు, నేచురల్ కిల్లర్ కణాలు ఆ పని చేస్తాయి. అవి సోకిన కణానికి అతుక్కుని, పెర్ఫోరిన్ అనే ప్రొటీన్‌తో దానికి రంధ్రం చేసి, చంపి, వదిలి వెళ్లిపోతాయి. అప్పు వసూలుకు వచ్చినవాడు డబ్బు చేతిలో పడగానే వెళ్లిపోయినట్టు. చంపడం చేతకాకపోతే ఆ చంపాల్సిన కణం పట్టు వదలదు. గుమ్మం ముందే నిలబడి కేకలు పెడుతుంది. ఆ కేకలే ఇంటర్‌ఫెరాన్ గామా వంటి సైటోకైన్లు, అంటే కణాలు ఒకదానికొకటి పంపుకునే రసాయన సంకేతాలు. వాటికి వీధి అంతా పోగైనట్టు మాక్రోఫేజ్‌లు (సూక్ష్మజీవులను, చెత్తను మింగే కణాలు) రెచ్చిపోయి ఎముక మూలుగలో, కాలేయంలో, ప్లీహంలో చేరి సొంత రక్తకణాలనే మింగడం మొదలుపెడతాయి. ఎర్రకణాలు, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు మూడూ తగ్గేది ఇందువల్లే. సిస్టమిక్ ఆర్థరైటిస్ ఉన్న పిల్లల్లో ఇంటర్‌ల్యూకిన్-18 అనే మరో సంకేతం విపరీతంగా ఉంటుంది, కిల్లర్ కణాల చంపే శక్తి మందగించి ఉంటుంది. కొందరిలో పెర్ఫోరిన్ దారికి సంబంధించిన జన్యువుల్లో చిన్న లోపాలు కూడా ఉంటాయి. తమ్ముడు మూడు రోజుల్లో తేరుకున్న వైరస్ అక్కను ఇంతగా పట్టుకోవడానికి కారణం అదే.

1985లో ఫ్రాన్స్‌లో వైద్యులు కీళ్లవాతం ఉన్న ఏడుగురు పిల్లల్లో రక్తస్రావం, కాలేయం దెబ్బతినడం, మెదడు మందగించడం ఒక్కసారిగా కనిపించాయని నివేదించినప్పుడే, మందులు గానీ ఇన్‌ఫెక్షన్ గానీ దీనికి కారణం కావచ్చని అనుమానించారు. 2014లో పలు దేశాల నుంచి 362 మంది పిల్లల వివరాలు పోగుచేసి చూస్తే దాదాపు మూడోవంతు మందిలో ఇన్‌ఫెక్షన్ ప్రేరకంగా కనిపించింది. నూటికి ఎనిమిది మంది చనిపోయారు. మిమ్మల్ని భయపెట్టడానికి ఈ అంకె చెప్పడం లేదు. ఆరు రోజుల జ్వరాన్ని ఏడో రోజుకు నెట్టకూడదని చెప్పడానికి చెబుతున్నాను.

ప్రేరకాల్లో ఎక్కువగా వినిపించే పేరు ఎప్‌స్టీన్-బార్ వైరస్. సైటోమెగాలో వైరస్, ఆటలమ్మ, ఇన్‌ఫ్లూయెంజా, పార్వో వైరస్, కోవిడ్ కూడా చేయగలవు. బ్యాక్టీరియా కూడా చేస్తుంది. రోగనిరోధక వ్యవస్థ సొంత ఒంటి మీదే దాడి చేసే లూపస్, రక్తనాళాల్లో వాపు తెచ్చే కవాసాకి జబ్బు ఉన్న పిల్లల్లోనూ ఎంఏఎస్ వస్తుంది. లూపస్‌లో రక్తకణాలు ముందే తక్కువగా ఉంటాయి కాబట్టి పోల్చుకోవడం ఇంకా కష్టం.

మరో చిక్కు ఉంది. కొన్ని ఇన్‌ఫెక్షన్లు ప్రేరకంగా ఆగకుండా అచ్చం ఎంఏఎస్ వేషమే వేస్తాయి. డెంగీలో ప్లేట్‌లెట్లు పడిపోతాయి, ఏఎస్‌టీ, ఫెరిటిన్ పెరుగుతాయి. టైఫాయిడ్, మలేరియా, స్క్రబ్ టైఫస్, క్షయ కూడా మోసం చేయగలవు. అన్నింటికంటే గడుసుది కాలా అజార్ అనే పరాన్నజీవి జబ్బు. జ్వరం, పెద్దదైన ప్లీహం, మూడు రకాల కణాలూ తగ్గడం, మూలుగలో కణాలను మింగుతున్న మాక్రోఫేజ్‌లు, ఏదీ తక్కువ ఉండదు. దానికి స్టెరాయిడ్ మీద స్టెరాయిడ్ ఇస్తూ పోతే బిడ్డ దక్కదు. మూలుగలో పరాన్నజీవిని గుర్తించి లైపోసోమల్ ఆంఫోటెరిసిన్ ఇస్తే చాలామంది కోలుకుంటారు. అందుకే పాప ఈ మధ్య ఎక్కడికి ప్రయాణం చేసింది, ఏ పురుగు కుట్టింది, ఒంటి మీద ఎక్కడైనా నల్లని పక్కు కట్టిన పుండు ఉందా, ఇంట్లో ఎవరికైనా ఎడతెగని దగ్గు ఉందా అని డాక్టర్లు తిప్పితిప్పి అడుగుతారు. విసుక్కోకుండా చెప్పండి.

"ముందు ఇన్‌ఫెక్షన్ తగ్గనీ, తర్వాత స్టెరాయిడ్ చూద్దాం" అనే మాట వినడానికి బుద్ధిగా ఉంటుంది. ఎంఏఎస్‌లో అంత తీరిక దొరకదు. రక్తం కల్చర్లకు, వైరస్‌ల పీసీఆర్‌కు నమూనాలు తీసి, అవసరమైన యాంటీబయాటిక్ మొదలుపెట్టి, అదే రోజు వాపును అణచే మందు కూడా మొదలుపెట్టడం ఇప్పటి పద్ధతి. సాధారణంగా మొదట మిథైల్ ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్‌ను కిలో బరువుకు 30 మిల్లీగ్రాముల చొప్పున, ఒక గ్రాము మించకుండా, మూడు రోజులు నరంలోకి ఎక్కిస్తారు. దానికి తోడు రోగనిరోధక వ్యవస్థను అణచే సైక్లోస్పోరిన్ లేదా అనాకిన్రా ఇస్తారు. ఇన్‌ఫెక్షన్ ఉందో లేదో తేలని బిడ్డలో నేను అనాకిన్రా వైపు మొగ్గుతాను. కొద్ది గంటల్లోనే ఒంట్లోంచి పోతుంది, అవసరమైతే వెంటనే ఆపేయవచ్చు. ఎప్‌స్టీన్-బార్ గట్టిగా పట్టుకుంటే ఆ వైరస్ దాక్కునే బి కణాలను తొలగించే రిటుక్సిమాబ్ ఆలోచిస్తారు. ఇంటర్‌ఫెరాన్ గామాను నేరుగా పట్టే ఎమపాలుమాబ్‌కు అమెరికాలో 2018లో జన్యులోపంతో పుట్టుకతో వచ్చే ఇలాంటి జబ్బుకు, 2025లో స్టిల్స్ జబ్బులో వచ్చే ఎంఏఎస్‌కు అనుమతి వచ్చింది. సిస్టమిక్ ఆర్థరైటిస్‌నే స్టిల్స్ జబ్బు అని కూడా అంటారు. ఇవన్నీ ఆసుపత్రిలో నిపుణులు తేల్చే విషయాలు. అక్కడ ఈ పేర్లు వినపడితే కొత్తగా అనిపించకూడదని రాశాను.

ఎల్లుండి టోసిలిజుమాబ్ సంగతి. జ్వరం కారణం తేలేవరకు మీ అంతట మీరు ఎక్కించవద్దు, రుమటాలజీ డాక్టరు చెప్పాలి. ప్రెడ్నిసోలోన్ మాత్రం ఒక్క పూట కూడా ఆపవద్దు. ఇన్‌ఫెక్షన్ వచ్చింది కదా, స్టెరాయిడ్ రోగనిరోధక శక్తిని తగ్గిస్తుంది కదా అని ఇంట్లో ఆపేసే తల్లిదండ్రులను చాలామందిని చూశాను. నెలల తరబడి బయటి నుంచి స్టెరాయిడ్ అందుతుంటే ఒంట్లో సహజ స్టెరాయిడ్ తయారు చేసే అడ్రినల్ గ్రంథులు తమ పని మరిచిపోతాయి. జ్వరం వచ్చిన రోజున ఒంటికి మామూలు కంటే ఎక్కువ స్టెరాయిడ్ కావాలి. సరిగ్గా ఆ రోజునే ఆపితే రక్తపోటు పడిపోయి బిడ్డ కుప్పకూలవచ్చు. పాప వాంతులు చేసుకుని మాత్ర నిలవకపోతే ఆసుపత్రిలో ఇంజక్షన్ రూపంలో ఇవ్వాలి. కీళ్లవాతానికి వారానికోసారి వేసే మెథోట్రెక్సేట్ కూడా వాడుతుంటే ఈ వారం మోతాదు వేయాలా మానాలా అన్నది ఫోన్‌లోనే అడగండి. ఇలాంటి జ్వరాల్లో సాధారణంగా మానిపిస్తాం. ఆస్పిరిన్ జోలికి పోవద్దు. ఫ్లూ, ఆటలమ్మ ఉన్న పిల్లల్లో అది రైస్ సిండ్రోమ్ తెచ్చి కాలేయాన్ని, మెదడును దెబ్బతీయవచ్చు.

జ్వరం నడిచే తీరు కూడా రాసుకోండి. పాత జబ్బు జ్వరమైతే రోజుకు ఒకసారో రెండుసార్లో పైకి ఎగిసి మళ్లీ పూర్తిగా దిగుతుంది, దిగినప్పుడు పిల్లలు ఆడుకుంటారు. ఎంఏఎస్‌లో జ్వరం దిగకుండా అంటిపెట్టుకుని ఉంటుంది. పాప మందకొడిగా ఉందా, అకారణంగా చిరాకు పడుతోందా, పళ్లు తోముతుంటే రక్తం వస్తోందా, కారణం లేకుండా ఒంటి మీద కమిలిన మచ్చలు వచ్చాయా, కడుపు కుడిపక్క పట్టుకుంటే నొప్పి అంటోందా చూడండి. కీళ్ల నొప్పి ఉన్నట్టుండి తగ్గిపోతే అదీ చెప్పండి. చాలామంది అది ఫిర్యాదు కాదనుకుని చెప్పరు.

ఇంకొక్క సంగతి, పేర్ల గందరగోళం వల్ల. మీ బంధువు ఒకరు "నెలకోసారి పెన్సిలిన్ ఇంజక్షన్ వేయిస్తే ఇవన్నీ రావు" అన్నారని రాశారు. అది రుమాటిక్ జ్వరానికి. స్ట్రెప్టోకాకస్ గొంతు ఇన్‌ఫెక్షన్ తర్వాత రెండు మూడు వారాలకు వచ్చి గుండె కవాటాలను దెబ్బతీసే వేరే జబ్బు అది. దానికి పెన్సిలిన్ ప్రాణాధారం, మీ పాప జబ్బుకు దానితో పని లేదు.

తమ్ముడిని ఎక్కడికీ పంపనక్కర్లేదు. పాప బడికి వెళ్తుంది, పార్కుకు వెళ్తుంది. వైరస్‌లు వాడి దగ్గర మాత్రమే లేవు. వాడికి వయసుకు తగ్గ టీకాలన్నీ పూర్తి చేయించండి, ఆటలమ్మ, తట్టు టీకాలతో సహా. మీరిద్దరూ ఏటా ఫ్లూ టీకా వేయించుకోండి. పాపకు ఫ్లూ ఇంజక్షన్, న్యుమోకోకల్ వంటి సజీవం కాని టీకాలు జబ్బు నెమ్మదించాక వేయించవచ్చు. తట్టు, ఆటలమ్మ వంటి సజీవ టీకాలు ఈ మందుల మీద ఉండగా రుమటాలజీ డాక్టరు అనుమతి లేకుండా వద్దు. తరగతిలో ఎవరికైనా ఆటలమ్మ వచ్చిందని తెలిస్తే పొక్కులు వచ్చేదాకా చూడకుండా అదే రోజు ఫోన్ చేయండి. ఆటలమ్మకు ఇచ్చే రక్షణ ఇంజక్షన్‌కు గడువు పది రోజులు, ఎంత త్వరగా పడితే అంత మంచిది.

ఇప్పుడు బయలుదేరండి. పాత రిపోర్టులు, మందుల చీటీ, చివరిసారి టోసిలిజుమాబ్ ఎక్కించిన తేదీ, ఈ ఆరు రోజుల జ్వరం అంకెలు వెంట పెట్టుకోండి. రక్తం తీసేటప్పుడు పూర్తి కణాల లెక్కతో పాటు ఫెరిటిన్, ఫైబ్రినోజెన్, ట్రైగ్లిజరైడ్లు, కాలేయ పరీక్షలు, రక్తం గడ్డకట్టే పరీక్షలు, కల్చర్ రాయించారో లేదో చూసుకోండి. ఫలితాలు వచ్చాక ఇక్కడ రాస్తే చూస్తాను. అంతవరకు పాప మంచం పక్కన ఉన్న డాక్టరు చెప్పినట్టే చేయండి, ఆయన మాట నా మాటకు భిన్నంగా ఉన్నా సరే.